గంటకివ్వని గంగాళం

"గంగాళం ఎవరింట్లో ఉంది?"

వీధి ఆ చివర నుంచి ఒక ముసలామె కేక వినపడుతుంది. అక్టోబరు నెల ఆఖరి ఆదివారం, పూజ ముగిసిన వేళ. ఈ చివర నుంచి "మా ఇంట్లోనే ఉంది, తెస్తున్నా" అని ఎవరో బదులు పలుకుతారు. ఇంకేముంది, వీధి పొడుగునా తలుపులు తెరుచుకుంటాయి.

ఇది జర్మనీ దేశంలో కొండల నడుమనున్న నేబెల్‌గ్రుండ్ అనే చిన్న గ్రామం. గట్టిగా లెక్కపెడితే అరవై గడపలు, ఒక వాగు, ఆ వాగు నీటితో తిరిగే పిండిమర, నల్లరాతి పలకల కప్పుతో ఒక చర్చి. ఆ చర్చికి కాగితాల మీద ఏ పేరున్నా, చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు గంగాళం గుడి అనే అంటారు. లోపలికి వెళ్ళి ఎడమచేతి వైపు తలెత్తి చూడండి. గంట తాడు పక్కన ఇనుప కొక్కేనికి ఒక రాగి గంగాళం, దానితోపాటు ఒక ఇనుప గరిటె వేలాడుతుంటాయి. గుడిలో వంటసామాను ఏమిటని మొదటిసారి వచ్చినవాళ్ళు విస్తుపోతారు. విస్తుపోవలసిందే మరి, దాని కథ అలాంటిది.

పూర్వం ఇక్కడ చర్చి ఉండేది గాని గంట ఉండేది కాదు. ఈ లోయకు పొగమంచు బెడద ఎక్కువ. కొండ మీద పచ్చిక బాగుంటుంది, ఆ పచ్చిక పక్కనే ఊబి ఉంటుంది. మంచు దిగిందంటే ముందు నడిచే గొర్రె వెనక నడిచేవాడికి కనపడదు. అలా దారితప్పి ఊబిలో పడిపోయినవాళ్ళలో మార్టిన్ అనే కాపరి ఒకడు. అతని భార్య వాల్బుర్గా, ఒక్కగానొక్క కూతురు ఒటీలియా మిగిలారు. తండ్రి పోయాక ఊరి మందను కూతురే తోలుకెళ్ళేది. వాల్బుర్గా రోజూ మధ్యాహ్నం గడపలో నిలబడి, మార్టిన్ పెళ్ళినాడు కొనితెచ్చిన రాగి గంగాళాన్ని బోర్లించి, గరిటెతో మూడు దెబ్బలు కొట్టేది. ఆ మోత విని పిల్ల భోజనానికి దిగివచ్చేది.

ఒకనాడు ఊరి గురువులు లియోన్‌హార్డ్‌గారు భోజనం చేసి కునుకు తీస్తుండగా, కలలో ఒక ముసలి కాపరి కనిపించాడట. గడ్డం నిండా మంచు పట్టి ఉందట. "మంచులో కన్ను పనిచేయదు. చెవికి దారి చూపించండి" అని చెప్పి వెళ్ళిపోయాడట. గురువులు లేచి, గంట పోయించాలని నిశ్చయించారు. గంటలు పోసే మేస్త్రీ వచ్చి, రాగి కావాలన్నాడు. గురువులు స్వయంగా వీధిలో నడుస్తూ "గంగాళం ఎవరింట్లో ఉంది?" అని కేకవేశారు.

ఈ ఊరివాళ్ళు ఏ పని చేసినా సగం చేసే రకం కాదు. ఉన్న రాగినంతా తెచ్చి పోశారు. గంగాళాలు, గిన్నెలు, ఆఖరికి మూతలు కూడా. రేపు వండుకోవడానికి ఏమి మిగిలిందని ఒక్కరైనా ఆలోచించలేదు. వాల్బుర్గా మాత్రం "మాది అడుగు ఊడిపోతే కిందటి వారమే కంచరివాడికి ఇచ్చేశాను, ఫాదర్‌గారూ" అంది. గంగాళం మంచం కింద గోనెలో ఉంది. మగడి గుర్తుగా అదొక్కటే మిగిలిందామెకు.

గంట తయారైంది గాని అనుకున్నదానికన్నా చిన్నదైంది. "ఇంకొక్క గంగాళం దొరికి ఉంటే కొండదాకా వినపడేది" అన్నాడు మేస్త్రీ. ఆ మాట వాల్బుర్గా గుండెలో ముల్లులా దిగింది. ఆ తరువాత ఊరంతా రొట్టె, జున్ను, పచ్చి దుంపలతో సరిపెట్టుకుంది. వాల్బుర్గా మాత్రం కిటికీలు మూసి, గుట్టుగా సూపు కాచేది. కూతురు తలవంచుకుని తాగేది. మధ్యాహ్నం గంగాళం మోగడం మానేసింది.

పక్కింటి అగాథ ఒకరోజు గోడ మీదుగా పలకరించింది. "ఏమే వాల్బుర్గా, మా ఇంట్లో పచ్చి క్యాబేజీ గడ్డి వాసన వేస్తుంది. మీ ఇంట్లో ఇంత కమ్మగా ఎలా ఉంటుందే?"

"నీకు ఆకలి ఎక్కువైంది, అంతే" అని లోపలికి పోయింది వాల్బుర్గా.

అక్టోబరు ఆఖరులో ఒక మధ్యాహ్నం మంచు దిగింది. మామూలు మంచు కాదు, చాచిన చెయ్యి కనపడని మంచు. ఒటీలియా కొండ మీద ఉంది, ఊరి మందంతా ఆ పిల్లతోనే ఉంది. గంట కొట్టారు. మగవాళ్ళు వంతులవారీగా తాడు లాగారు. మోత పిండిమర దాటి పోవడం లేదని అందరికీ తెలుస్తూనే ఉంది. వాల్బుర్గా చర్చి మెట్ల మీద నిలబడి కొండవైపు చూసింది. గంగాళం బయటికి తీస్తే ఊరి ముఖం ఎలా చూడాలి? తీయకపోతే కూతురి ముఖం మళ్ళీ చూస్తానా?

ఆమె ఇంటికి పరుగెత్తింది. గోనె విప్పింది. ఊరందరి ఎదుటా గంగాళాన్ని మెట్ల మీద బోర్లించి మూడు దెబ్బలు కొట్టింది. ఆగి, మళ్ళీ మూడు. చెయ్యి బొబ్బలెక్కినా ఆపలేదు.

చాలాసేపటికి మంచులోంచి ఒక గొర్రె మెడపట్టీ చిరుగంట వినపడింది. దాని వెనక మరొకటి. ఆ వెనక ఒటీలియా, మోకాళ్ళదాకా బురదతో. "మీ గంట నాకు వినపడనే లేదు. అమ్మ అన్నానికి పిలిచింది, వచ్చేశాను" అంది. మందలో ఒక్క గొర్రె కూడా తగ్గలేదు.

వాల్బుర్గా గంగాళాన్ని గురువుల కాళ్ళ దగ్గర పెట్టి, "అబద్ధం చెప్పాను, ఫాదర్‌గారూ. కరిగించేయండి" అని ఏడ్చింది.

ఆయన దాన్ని ఎత్తి ఆమె చేతికే ఇచ్చారు. "ముసలాయన చెవికి దారి చూపమన్నాడే గాని గంటే కావాలనలేదు కదమ్మా. ముందు వీళ్ళ సంగతి చూడు, నెల రోజులై వేడిది ఎరగరు."

"క్యాబేజీ నేను తెస్తాను" అంది అగాథ. "వాసన పీల్చి పీల్చి నాకు దాని రుచి కూడా తెలిసిపోయింది."

ఆ పూట వాల్బుర్గా ఆ ఒక్క గంగాళంలో ఏడు వాయిలు సూపు వండిందని చెబుతారు.

నేటికీ ఆ ఆచారం తప్పలేదు. ఏడాదంతా గుడిలో ఉండే గంగాళాన్ని పండుగ ముందురోజు వంతు వచ్చిన కుటుంబం ఇంటికి తీసుకెళ్ళి తోముతుంది. ఆదివారం ఊరిలో పెద్దావిడ కేక వేస్తే, గంగాళం చర్చి మెట్లు చేరుతుంది. యాత్రికులు తాము ఎదురుచూస్తున్న మనిషిని తలచుకుని గరిటెతో మూడు దెబ్బలు కొడతారు. దూరాన ఉన్నవాళ్ళు క్షేమంగా ఇల్లు చేరతారని నమ్మకం. భాష రాకపోయినా ఫరవాలేదు, గరిటె మీ చేతికే ఇస్తారు. మొదటి గరిటె సూపు గంగాళంలోది, మిగతాది పెద్ద డేగిసాల్లోంచి వడ్డిస్తారు. అయితే వీధిలో ఇంకా ఒక్కరు రావలసి ఉన్నా ఎవరూ చెంచా ముట్టరు. పెద్దావిడ మెట్ల మీద నిలబడి బల్లల వెంట చూపు సాగిస్తుంది. ఆఖరి మనిషి వచ్చి కూర్చున్నాక, "అందరూ వచ్చేశారు" అని తానూ కూర్చుంటుంది. అప్పుడు ఊరంతా ఒక్కసారి తినడం మొదలుపెడుతుంది.