పోలయ్య తొడకు అక్షరాభ్యాసం

ఊళ్ళో తెలివంతా తమ అటక మీదే ఉందని పోలయ్యకీ, పెళ్ళాం మంగాయికీ, తమ్ముడు కోటప్పకీ గట్టి నమ్మకం.

పోలయ్య కొబ్బరిచెట్లెక్కి దింపు తీసేవాడు. కాలు విరిగి, కట్టు విప్పేసరికి ఎడమ తొడ ములక్కాడలా తేలింది. "సోమవారం నా తోట దింపు తియ్యకపోతే ఇంకొకణ్ణి పెట్టుకుంటానురోయ్" అన్నాడు తోట ఆసామి.

ఆస్పత్రి నర్సమ్మ వచ్చి గుడ్లు తినమంది. "నీ ఒళ్ళంతా కణాలే పోలయ్యా. ప్రతి కణానికీ లోపలిగదిలో ఒక అసలు కాగితం ఉంటుంది. అది గడప దాటదు, దాని నకలే బయటికొస్తుంది. ఆ నకలు చూసి, నువ్వు తిన్నదాని ముక్కలతో ప్రొటీన్ అల్లుతారు. దానిమీద చిరునామా ఉంటుంది, తిన్నగా అక్కడికే పోతుంది. చాలు అని కబురొచ్చేదాకా అల్లుతూనే ఉంటారు."

"ఓస్, ఇంతేనా!" అన్నాడు పోలయ్య.

మంగాయి ఉడికిన గుడ్లమీద బొగ్గుతో 'ఎడమ తొడ' అని రాసింది. పెంకు ఒలిస్తే చిరునామా పోతుందని పోలయ్య పెంకుతో సహా నమిలాడు. మూడు రోజులకి పొట్ట పెరిగింది, తొడ పెరగలేదు.

"దారిలో పొట్ట కాజేస్తోందన్నా" అన్నాడు కోటప్ప.

"కాదురా. తొడకి చదువు రాదు. తన పేరు తనెలా చదువుకుంటుంది?"

అంతే! కాలిని పీటమీద కూర్చోబెట్టి, ఎదురుగా పలక పెట్టి, మంగాయి అక్షరాలు దిద్దించింది. తొడ సంగతేమో గానీ, పోలయ్యకి నాలుగు ముక్కలొచ్చాయి.

సోమవారం పోలయ్య కర్ర పట్టుకుని లేచాడు. మంగాయి గుమ్మానికి అడ్డం పడింది.

"అసలు గడప దాటకూడదందిగా నర్సమ్మ! నకలుని పంపుదాం."

ఇంకేముంది, పోలయ్యని గదిలో పెట్టి గడియ వేసి, అతని పంచె కోటప్పకి కట్టి తోటకి పంపింది.

తోట ఇంటికి ఎదురే, కిటికీలోంచి పోలయ్యకి అంతా కనబడుతోంది. కోటప్ప ముదురుకాయలు దించాడు. తర్వాత బొండాలు. తర్వాత పిందెలు. తర్వాత మట్టలు నరకడం మొదలెట్టాడు.

"చాలు, ఆపరా వెధవా!" కింద ఆసామి గెంతుతున్నాడు.

"ఆ 'చాలు' మా అన్న దగ్గర్నుంచి రావాలండీ! నేను వట్టి నకలునండి!"

పోలయ్య కిటికీ ఊచలు పట్టుకుని ఊపాడు. చెట్టు బోడైతే తోట పని చేజారినట్టే.

"గట్టిగా కేకెయ్యవయ్యా!" అంది మంగాయి కిటికీ బయటినుంచి.

"నా నోటిమాట కూడా అసలేగదే? గడప దాటితే కొంప మునగదూ?"

కాలితోపాటు నేర్చిన చదువుతో పలకమీద 'చాలు' అని రాశాడు. మంగాయి దాన్ని చీటీమీదకి ఎక్కించి, వెనక 'కోటప్ప, చెట్టు కొస' అని చిరునామా వేసి, పరుగున వెళ్ళి చెట్టు మొదట్లో పెట్టి వచ్చింది. ఆసామి అప్పటికే ఇంకో దింపువాడికోసం ఊళ్ళోకి పరిగెత్తాడు. కోటప్ప రెండో చెట్టు ఎక్కుతున్నాడు.

"చీటీ వెళ్ళిందా?" అన్నాడు పోలయ్య.

"చిరునామా ఉందిగా, అదే వెళ్తుంది. గాలికి దారి తప్పుతుందేమోనని పైన రుబ్బురోలి పొత్రం పెట్టొచ్చా."