ఉలవలంకకు పదో తరగతి వచ్చిన కథ

ఉలవలంక వాళ్ళకి తెలివి ఎక్కువ. ఆ మాట బయటివాళ్ళెవరూ అనలేదు, వాళ్ళే అనుకున్నారు. ఊరంతా కలిసి అనుకున్నారు కాబట్టి అది నిజమేనని కూడా వాళ్ళే తేల్చుకున్నారు. మిగతా ఊళ్ళవాళ్ళకి ఒక మాట చెబితే సగం వింటారట, సగం సొంత బుర్ర కలుపుతారట. "మేం అలా కాదండి. చెప్పింది చెప్పినట్టు చేస్తాం. అందులో ఒక్క వీసం కూడా ఆలోచించం" అని రేవు దాటి వచ్చిన ప్రతివాళ్ళకీ గొప్పగా చెప్పుకునేవారు.

గోదావరి పాయల మధ్య ఉన్న ఆ లంకలో హైస్కూలు ఉంది గానీ తొమ్మిదో తరగతితో ఆగిపోయింది. పది చదవాలంటే పడవెక్కి అవతలి ఒడ్డుకి పోవాలి. తొమ్మిదో తరగతి లీడరు వీరవేణికి వచ్చిన చిక్కే అది. వాళ్ళ నాన్న సత్తిబాబు కొబ్బరి దింపులు తీస్తాడు. ఎంత పొడుగు చెట్టయినా చరచరా ఎక్కేస్తాడు గానీ నీళ్ళని చూస్తే ఆయనకి కాళ్ళు వణుకుతాయి. పిల్లని పడవెక్కించేది లేదని తెగేసి చెప్పాడు. అంతే, తొమ్మిదితో చదువు సరి అనుకుని వీరవేణి మూడు రోజులు అన్నం సగమే తిన్నది.

అలాంటప్పుడు ఆ బడికి సోషల్ చెప్పడానికి సుగుణకుమారి టీచరు వచ్చింది. కుర్రది, ఉత్సాహం మనిషి. పదో తరగతి ఈ ఊరికే ఇమ్మని పైకి అర్జీ పెట్టింది. పిల్లలకి పాఠాలు నిజంగా బుర్రకెక్కాయో లేదో జిల్లా నుంచి ఆఫీసరు వచ్చి చూస్తాడని, నచ్చితే తరగతి ఇస్తాడని జవాబొచ్చింది. వీరవేణి ఆ పూట అన్నం రెండుసార్లు తిన్నది.

మొదటి పాఠం గుర్తింపు గురించి. ఫలానా వాళ్ళ పిల్ల, ఫలానా వీధి పిల్లాడు అని కాకుండా అసలు మీరెవరో తెలుసుకుని రేపు రాసుకురండి అంది టీచరు. వీరవేణి ఇంటికెళ్ళి నేనెవర్ని నాన్నా అని అడిగింది. సత్తిబాబు అప్పుడే చెట్టు దిగాడు, ఆ ప్రశ్న విని మళ్ళీ ఎక్కేద్దామా అనుకున్నాడు. పద్నాలుగేళ్ళు పెంచాడు గానీ ఆ సంగతి ఎప్పుడూ అడిగి తెలుసుకోలేదు. ఊహించి చెప్పడం తప్పని, గవర్నమెంటు కార్డు చూసి చెప్పడం మంచిదని నాయనమ్మ మంగాయమ్మ సలహా ఇచ్చింది.

ఆధార్ కార్డు తీశారు. అందులో ఫోటో నల్లగా, కళ్ళు సగం మూసుకుని, పెదవి మీద మీసంలాంటి నీడతో ఉంది. అటు తిప్పి చూశారు, ఇటు తిప్పి చూశారు. అది అచ్చం వీరవేణి మేనమామ బుల్లెబ్బాయిలా ఉంది. ఇంకేముంది, గవర్నమెంటు అబద్ధం చెప్పదు కదా. ఇన్నాళ్ళూ నేను జడవేసింది మా తమ్ముడికా అని తల్లి లోవకుమారి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మర్నాడు ముప్ఫయ్యేళ్ళ బుల్లెబ్బాయి వీరవేణి సంచీ తగిలించుకుని ఆడపిల్లల బెంచీలో కూర్చున్నాడు. మిగతా ఇళ్ళల్లోనూ ఇదే వరస. ముప్ఫయ్యొక్క మంది పిల్లల తరగతిలో ఆ రోజు ఏడుగురు మేనమామలు, ఇద్దరు తాతలు, ఒక పోస్టుమ్యానూ హాజరు పలికారు.

టీచరు పరుగున వీరవేణి ఇంటికి వెళ్ళింది. ఆ పిల్ల అరుగు మీద కూర్చుని, మీసం ఎప్పుడు మొలుస్తుందా అని పెదవి తడుముకుంటోంది. కార్డు సంగతి వదిలెయ్యమని, నీకేం కావాలో ఆలోచించుకుంటే అందులో నువ్వు కనిపిస్తావని టీచరు నచ్చజెప్పింది. వీరవేణి కళ్ళు మూసుకుని చాలాసేపు ఆలోచించింది.

"నాకు పదో తరగతి చదవాలనుందండి" అంది. "మా మావయ్యకి చదువంటే పడదండి. అంచేత నేను మావయ్యని కాదండి."

టీచరుకి ఆ పిల్లని చూస్తే నవ్వూ వచ్చింది, జాలీ వేసింది. ఎలాగైనా ఆ తరగతి తెప్పించి తీరాలని ఆ క్షణంలోనే గట్టిగా అనుకుంది.

తర్వాతి పాఠం ప్రజాస్వామ్యం. ఒక్కడి పెత్తనం ఉండదని, ఎక్కువమంది ఏమంటే అదే జరుగుతుందని టీచరు చెప్పింది. పిల్లలకి పాఠం తెగ నచ్చింది. ఆ తర్వాత లెక్కల పీరియడు. హెడ్మాస్టరు పట్టాభిరామయ్య గారే లెక్కలు చెబుతారు, ఆయనదీ ఆ ఊరే. ఏడెనిమిదులు యాభైనాలుగు అని వీరవేణి ధైర్యంగా చెప్పింది. కాదు యాభయ్యారు అన్నారు ఆయన. ఓట్లు పెట్టండి మాస్టారూ అంది వీరవేణి. పెట్టారు. యాభైనాలుగుకి పంతొమ్మిది, యాభయ్యారుకి పన్నెండు వచ్చాయి. అంతే, పట్టాభిరామయ్య గారు ఇన్నేళ్ళూ తప్పు చెప్పినందుకు తరగతికి క్షమాపణ చెప్పుకుని, గోడ మీది ఎక్కం చెరిపి తిరగరాశారు.

సాయంత్రానికి ఈ సంగతి ఊళ్ళో పాకింది. ఇంత మంచి పద్ధతి పిల్లలకే ఎందుకని పెద్దలూ పంచాయతీ దగ్గర చేరారు. ఆదివారం ఎవరికి ఇష్టమని ఒకరడిగారు. అందరూ చెయ్యెత్తారు. మరి వారానికి ఒక్కటేమిటని ఇంకొకరన్నారు. ఇంకేముంది, ఆ వారం నుంచి మంగళవారమూ ఆదివారమే, గురువారమూ ఆదివారమేనని తీర్మానం అయిపోయింది.

సుగుణకుమారి టీచరు ట్రైనింగని నాలుగు రోజులు ఊళ్ళో లేదు. సరిగ్గా ఆ గురువారం నాడే ఆఫీసరు పడవ దిగాడు. బడికి తాళం వేసి ఉంది. పక్కన కొబ్బరిచెట్టు మీద సత్తిబాబు కనిపిస్తే, బడి ఎందుకు మూశారయ్యా అని కేకేసి అడిగాడు. ఇవాళ ఆదివారమండి, గురువారం నాడు రండి అని సత్తిబాబు పైనుంచే మర్యాదగా చెప్పాడు.

"ఇవాళ గురువారమే కదయ్యా" అన్నాడు ఆఫీసరు.

"తమరొక్కరే అంటున్నారండి. మేం నాలుగొందల మందిమండి" అన్నాడు సత్తిబాబు.

ఆఫీసరు పుస్తకంలో ఏదో రాసుకుని వెళ్ళిపోయాడు. వచ్చే గురువారం మళ్ళీ వస్తానని, అదే ఆఖరని, అప్పుడూ ఇదే వాలకమైతే అర్జీ కొట్టేస్తానని టీచరుకి కబురు పెట్టాడు. ఊరు తిరిగొచ్చిన టీచరు తల పట్టుకుంది. ఏం చెయ్యాలో తేల్చుకోవడానికి ఓటు గానీ, ఉన్నదాన్ని లేదనడానికి కాదని ఊరందరికీ గొంతు పోయేలా చెప్పింది. వాళ్ళు శ్రద్ధగా విని, టీచరు చెప్పింది నిజమా కాదా అని ఓట్లు పెట్టుకుని, నిజమేనని ఒప్పుకున్నారు.

ఇక మిగిలింది సమానత్వం. ఈసారి కంటికి కనిపించేలా చెబుదామని టీచరు పిల్లల్ని చేతులు కడుక్కునే కుళాయి దగ్గరికి తీసుకెళ్ళింది. కుళాయి ఎత్తుగా ఉంది. పొడుగువాళ్ళకి అందుతోంది, పొట్టివాళ్ళకి అందడం లేదు. కుళాయి అందరిదీ అంటే చాలదర్రా, అందనివాళ్ళ కాళ్ళకింద పీట వెయ్యాలి, అప్పుడే పొట్టివాళ్ళు పొడుగువాళ్ళతో సమానమవుతారు, అదీ న్యాయం అంది. పిల్లలు తలలూపారు. వీరవేణి అయితే కుళాయిని చూసి కళ్ళు తుడుచుకుంది, ఎందుకంటే ఆ పిల్లకి ఎప్పుడూ అందలేదు.

ఇంటికెళ్ళి నాన్నకి చెప్పింది. బుధవారం తెల్లారేసరికి తండ్రులందరూ బడిలో చేరారు. వెతికితే ఊరు మొత్తానికి పీటలు నాలుగే ఉన్నాయి. గునపాలు మాత్రం ఇంటికి రెండున్నాయి. పొట్టివాళ్ళని లేపితేనేం, పొడుగువాళ్ళని దింపితేనేం, సమానం కావడం కదా కావలసింది అన్నాడు సత్తిబాబు. ఆ మాటకి ఊరంతా ఆయన తెలివిని మెచ్చుకుంది. పొడుగు పిల్లల్ని ఒక్కొక్కరినే కొలిచి, కుళాయి ముందు ఎవరి గొయ్యి వాళ్ళకి తవ్వారు. మధ్యాహ్నానికి ముప్ఫయ్యొక్క తలలూ ఒకే వరసలో ఉన్నాయి. కుళాయి ఇప్పుడు ఒక్కరికీ అందదు. ఇంతకాలానికి న్యాయం జరిగిందని పిల్లలు చేతులు కడుక్కోకుండానే భోజనాలకి కూర్చున్నారు.

గురువారం ఆఫీసరు వచ్చాడు. మనిషి ఆరడుగుల పైమాట. బడి తెరిచి ఉండడం చూసి తృప్తిగా నాలుగడుగులు వేశాడు. ఐదో అడుగుకి మోకాళ్ళ పైదాకా గోతిలోకి దిగిపోయాడు.

"కంగారు పడకండి, అది తమరికేనండి" అన్నాడు సత్తిబాబు. "పోయిన వారం చెట్టు మీంచి చూసి కొలత పట్టుకున్నానండి."

అయిపోయింది, పదో తరగతి గోతిలో పడిందనుకుని వీరవేణి స్తంభం పట్టుకుని నిలబడిపోయింది. కానీ ఆఫీసరు గోతిలో నిలబడి చుట్టూ చూశాడు. తన ముఖమూ పిల్లల ముఖాలూ ఒక్క ఎత్తులో ఉన్నాయి. ఇరవయ్యేళ్ళ ఉద్యోగంలో పిల్లల్ని అంత దగ్గరగా ఆయన చూడలేదు. ఎందుకో కోపం రాలేదు, నవ్వొచ్చింది. పైకి లాగించుకుని, మట్టి దులుపుకుని, గోతుల వెనక పాఠమేదో అడిగి తెలుసుకుని, పిల్లల చదువు సరే, పెద్దలకి ఈ తరగతి కావాలో వద్దో అదీ చూడాలన్నాడు. యాభై ఎనిమిది మంది తల్లిదండ్రులకీ చీటీలు పంచి, కావాలంటే కావాలనీ, వద్దంటే వద్దనీ రాసి పెట్టెలో వెయ్యమన్నాడు. రాయడం రానివాళ్ళు కావాలంటే గీత, వద్దంటే సున్నా పెడితే చాలన్నాడు. ఓటు రహస్యమని, ఎవరు ఏం కోరుకున్నారో ఎవరికీ తెలియకూడదని గట్టిగా చెప్పాడు.

అందరూ వేశారు. ఆఫీసరు పెట్టె తెరిచాడు. మొదటి చీటీ ఖాళీ. రెండోదీ ఖాళీ. యాభై ఎనిమిదీ తెల్లగా ఉన్నాయి. కావాలన్నవాళ్ళు ఒక్కరూ లేరు, నేనేం చెయ్యనమ్మా అన్నాడు టీచరుతో.

వీరవేణి ఇక ఆగలేకపోయింది. స్తంభం వదిలి ముందుకొచ్చింది. "రహస్యమన్నారు కదండి. రాస్తే మీకు తెలిసిపోదాండి? మా నాన్న మనసులో వేశాడండి" అంది.

ఆఫీసరుకి అప్పటికి ఆ ఊరి పద్ధతి అర్థమైంది. కుర్చీ వేయించుకుని కూర్చుని, ఒక్కొక్కరే వచ్చి చెవిలో చెప్పమన్నాడు. యాభై ఎనిమిది మంది వచ్చారు. ప్రతివాళ్ళూ కావాలండి అని గుసగుసగా చెప్పి, మావాళ్ళకి మాత్రం చెప్పకండి అని చేతులు పట్టుకున్నారు. లోవకుమారి చెబుతూ చెబుతూ ఏడ్చేసింది. ఆఖరికి ఆయన లేచి, ఊరంతా ఒకే మాట అన్నారు, తరగతి ఇస్తున్నాను అని ప్రకటించాడు. తమ రహస్యం బయటపెట్టినందుకు జనం కాసేపు ఆయన మీద అలిగారు. వీరవేణి మాత్రం టీచరు నడుం చుట్టేసుకుంది. ఇక నా కూతురు నీళ్ళ ముఖం చూడక్కర్లేదని సత్తిబాబు చెట్టెక్కి మరీ అరిచాడు.

ఆఫీసరు వెళ్తూ వెళ్తూ నాలుగు మంచి మాటలు చెప్పాడు. ఈ తరగతి మీ ఊరందరిదీ, చదువు అందరి హక్కు, ఎవరు ఎక్కువ వెనకబడ్డారో ముందు వాళ్ళకి చోటివ్వండి, గోతులు పూడ్చండి అన్నాడు. ఉలవలంక వాళ్ళు ఒక్క ముక్క పోకుండా విన్నారు.

జూన్ వచ్చింది. తరగతి తెరిచే రోజు సుగుణకుమారి టీచరు కొత్త చీర కట్టుకుని, హాజరు పుస్తకం పట్టుకుని గదిలోకి అడుగుపెట్టి అలాగే ఆగిపోయింది. బెంచీలు కిక్కిరిసి ఉన్నాయి. మంగాయమ్మ కిటికీ పక్కన కూర్చుంది. లోవకుమారి పెన్సిలు చెక్కుతోంది. మొదటి బెంచీలో సత్తిబాబు తలకి నూనె రాసుకుని, పాపిడి తీసి, చేతులు కట్టుకుని ఉన్నాడు. పిల్లలేరని అడిగింది టీచరు. సత్తిబాబు లేచి నిలబడ్డాడు.

"పిల్లలు తొమ్మిది దాకా చదివేశారండి. మేం ఒకటో తరగతి మెట్టే ఎక్కలేదండి. మరి వెనకబడింది ఎవరండి? అంచేత చోటు మాకే రావాలని మా అమ్మాయే లెక్క తేల్చిందండి. మాకు అన్నం కేరేజీలు కూడా అదే సర్దిందండి."

టీచరు కాదనబోయింది. ఆ నూనె తలలని, కొత్త పలకలని చూసి మానుకుంది. హాజరు పుస్తకం తెరిచి, మంగాయమ్మ గారూ అని మొదటి పేరు పిలిచింది.

మరి పిల్లలు? చదువు మానేది లేదని ముప్ఫయ్యొక్క మందీ పొద్దున్నే అవతలి ఒడ్డు బడికి బయల్దేరారు. పడవ నడిపే వెంకన్న మూడో బెంచీలో అక్షరాలు దిద్దుతున్నాడు కాబట్టి గెడ వీరవేణే వేస్తోంది. పడవ బడి కిటికీ ముందు నుంచే సాగింది. ఆ పిల్ల ఒక చెయ్యి గెడ మీంచి తీసి నాన్నకి ఊపింది.

సత్తిబాబు చూశాడు. కాళ్ళు వణికాయి. గబుక్కున చెయ్యెత్తాడు.

"టీచరుగారండి, మా అమ్మాయి పడవెక్కడానికి నేనస్సలు ఒప్పుకోనండి. కానీ బెల్లు కొట్టేదాకా గది దాటకూడదని బడి రూలు కదండి. బెల్లు కొట్టాక వెళ్ళి ఆపేస్తానండి" అని చెప్పి, మళ్ళీ చేతులు కట్టుకుని బుద్ధిగా కూర్చున్నాడు.