జకరయ్య పుస్తకం మీద ఎర్రదారం

అనగనగా, గోదారి పాయ సముద్రంలో కలిసేచోట ఒక ఊరు. ఊరికొక చర్చి, చర్చికొక గంట, ఆ గంటను మించిన గొంతు జకరయ్యది. ప్రతి ఆదివారం అతను పాటల పుస్తకం పట్టుకుని ముందు నిలబడి పాట ఎత్తుకునేవాడు. చదువు రానివాడు ఆ చోట నిలబడకూడదని సంఘం కట్టుబాటు.

చిక్కేమిటంటే, జకరయ్యకు అక్షరం ముక్క రాదు.

ఆ సంగతి భార్య దీనమ్మ ఒక్కదానికే తెలుసు. శనివారం సాయంత్రం ఆమె మర్నాటి పాట చదివి వినిపించేది, అతను వల బాగుచేసుకుంటూ బట్టీ పట్టేవాడు. పుస్తకం తిరగబడకుండా అట్ట పైఅంచున ఆమె ఒక ఎర్రదారం కుట్టింది. దారం పైన ఉంటే పుస్తకం తిన్నగా ఉన్నట్టే. అలా పన్నెండేళ్లు గుట్టుగా గడిచిపోయాయి.

ఒక ఆదివారం సాక్ష్యాల వేళ వచ్చింది. దేవుడు తమకు చేసిన మేలు ఒక్కొక్కరే లేచి చెప్పుకునే వేళ అది. ఆ రోజు జకరయ్యకు ఎక్కడలేని హాస్యం పుట్టుకొచ్చింది.

"బైబిల్లో అగ్నిగుండంలో పడ్డవాళ్లను దేవుడు కాపాడాడు. పన్నెండేళ్లుగా మా ఆవిడ చేపల పులుసు నుంచి నన్నూ కాపాడుతున్నాడు. ఆయనకే స్తోత్రం," అన్నాడు.

చర్చి అంతా పగలబడి నవ్వింది. పాదిరి అయ్యగారు కూడా కళ్లజోడు తుడుచుకునే నెపంతో నవ్వుకున్నారు. ఆడవాళ్ల వరసలో దీనమ్మ తల దించుకుంది. ఆమెకు నిజంగానే ఏడుపొచ్చింది.

ఇంటికొచ్చి పెరట్లో కూలబడింది. ఆ రోజుల్లో జంతువులు మాట్లాడేవి, మనుషులు వినేవాళ్లు. ఇప్పుడు మొగుడూ పెళ్లాలే ఒకరి మాట ఒకరు వినడం లేదు, ఆ గొడవ మనకెందుకు.

కోడిపుంజు దగ్గరికొచ్చి, "ఈ శనివారం పాట నేర్పకమ్మా. ఆయన కూత కట్టిపోతుంది," అంది.

పిల్లి మూతి తుడుచుకుంటూ, "ఆ ఎర్రదారం తీసి కిందఅంచున కుట్టు," అంది.

మేక నెమరు ఆపి, "వచ్చే ఆదివారం సాక్ష్యానికి నువ్వే లే. ఈయనకు అక్షరం రాదని చెప్పు. మళ్లీ ఊళ్లో తలెత్తుకు తిరిగితే నన్నడుగు," అంది.

మూడు సలహాలూ దీనమ్మకు బెల్లం ముక్కల్లా ఉన్నాయి.

శనివారం రాగానే తలకు గుడ్డ కట్టుకుని పడుకుంది. జకరయ్య గుమ్మం దగ్గర మూడుసార్లు తచ్చాడాడు.

"ఏమే, ఒక్క చరణమైనా చెప్పవూ?"

"దేవుడు కాపాడతాడులెండి. నా పులుసు నుంచి కాపాడలేదూ?"

జకరయ్య తువ్వాలు భుజాన వేసుకుని పెరటి వైపు నడిచాడు. అతను స్నానానికి వెళ్లగానే ఎర్రదారం కిందఅంచుకు మారిపోయింది.

ఆదివారం అతను దారం చూసుకుని మరీ పుస్తకం తెరిచాడు. అట్ట మీది పెద్దక్షరాలు తలకిందులై జనం వైపు చూశాయి. ముందు వరసలో గుసగుస మొదలైంది. జకరయ్య నోరు తెరిచాడు. గాలి వచ్చింది గానీ పాట రాలేదు.

ఇక మేక చెప్పిన పని ఒక్కటే మిగిలింది. ఆ మాట దీనమ్మ నాలుక చివరే ఉంది.

అప్పుడు జకరయ్య ఆమె వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. దారి తప్పినవాడు ఇంటి దీపం కోసం వెతికినట్టు వెతుక్కున్నాడు. పన్నెండేళ్ల కిందట ఇదే చోట నిలబడి, మేలుకైనా కీడుకైనా ఇతన్ని విడువనని ఆమె ప్రమాణం చేసింది. ఆ ప్రమాణంలో చేపల పులుసుకు మినహాయింపేమీ లేదు. దీనమ్మకు అతని మీద జాలి, తన మీద సిగ్గు, రెండూ ఒక్కసారే కలిగాయి.

లేచి ముందుకు నడిచింది. "ఇక్కడ వెలుతురు చాలదు, ఇటు తిరగండి," అంటూ పుస్తకాన్ని కిటికీ వైపు తిప్పింది. ఆ తిప్పడంలోనే దాన్ని తిన్నగా చేసేసింది. పక్కనే నిలబడి మెల్లగా మొదటి మాట అందించింది. అతను అందుకున్నాడు. చరణం చరణానికీ మాట ఆమెది, గొంతు అతనిది.

సాక్ష్యాల వేళ దీనమ్మ లేచింది. పోయినవారం మాటకు బదులు చెబుతుందని అందరూ చెవులు రిక్కించారు.

"మా ఆయన అన్నది నిజమేనండి. నా పులుసులో ఉప్పెక్కువే. అయినా పన్నెండేళ్లలో ఒక్కనాడూ కంచం తోసెయ్యలేదు. నేను మాత్రం ఒక్క మాటకే వారమంతా పగబట్టాను. దేవుడు నన్ను క్షమించాలి," అంది.

జకరయ్యకు కళ్లు చెమ్మగిల్లాయి. "నాకు అక్షరం ముక్క రాదండి. మా దీనమ్మే నా పుస్తకం. పోయిన ఆదివారం ఆ పుస్తకాన్నే మీ అందరి ముందూ చించి నవ్వించాను. ఈ చోటు ఇంకెవరికైనా ఇవ్వండి," అన్నాడు.

ఈసారి ఎవరూ నవ్వలేదు. అయ్యగారు గడ్డం గోక్కున్నారు.

"మీ పెళ్లి చేసింది నేనే. ఇక మీరిద్దరూ ఏకశరీరమని అప్పుడే చెప్పాను. ఆ శరీరానికి గొంతూ ఉంది, చదువూ ఉంది. మరి కట్టుబాటు ఎక్కడ తప్పింది? ఇద్దరూ కలిసి నిలబడండి," అన్నారు.

ఆ మధ్యాహ్నం జకరయ్య పులుసు రెండుసార్లు వడ్డించుకున్నాడు, నీళ్లు మూడు చెంబులు తాగాడు. దీనమ్మ ఎర్రదారం పీకి పెరట్లో పారేస్తే మేక నమిలేసింది. పెరటి సలహాల రుచి ఎలాంటిదో దానికీ తెలియాలి కదా.

కాబట్టి పిల్లలూ, పెద్దలూ, కాపురంలో పగ తీర్చుకుంటే ఓడేది ఇద్దరూ. ఒక్కరు కనికరిస్తే గెలిచేదీ ఇద్దరే.