బర్రె వీపు మీద కండక్టరు

ఒకప్పుడు ఏట్రింత పిట్ట తోక ఇప్పట్లా కత్తెరలా చీలి ఉండేది కాదు. విసనకర్రలా గుండ్రంగా, నిండుగా ఉండేది. అది బర్రెల వీపెక్కి తిరిగేదీ కాదు. వాగు ఒడ్డున తుమ్మచెట్టు మీద ఒంటరిగా కూర్చుని, గడ్డిలోంచి పురుగు ఎప్పుడు లేస్తుందా అని చూస్తుండేది. గడ్డి కదిలితేనే గదా పురుగు లేచేది? ఎవరు కదిలిస్తారు? దానికి సగం రోజులు పస్తే.

ఆ పల్లెకు ఎర్రబస్సు కొత్తగా వచ్చిన కాలమది. ఇల్లంత బస్సు. ఎక్కేవాళ్ళు ఎక్కారు, దిగేవాళ్ళు దిగారు. తలుపు దగ్గర నిలబడ్డ కండక్టరమ్మ దమయంతి "రైట్" అంది. అంతే. అంత బస్సూ గుర్రుమంటూ కదిలిపోయింది.

ఏట్రింతకు ఒళ్ళు ఝల్లుమంది.

"అమ్మో, పిడికెడు మాటకు కొండంత బండి కదిలిందే. ఆ మాట నాకొస్తే నేను మాత్రం ఏదో ఒక కొండను కదిలించనూ?"

ఇక దానికి కొమ్మ మీద కాలు నిలిస్తేనా. ఆ మాటేమిటో కనుక్కుందామని రివ్వున ఎగిరింది.

బడి గోడ మీద ఉడుత తోక ఊపింది. "ఓ, అదా. పిల్లలు లెక్క సరిగ్గా చేస్తే పంతులుగారు రైట్ అంటారు. పలక మీద కొంగమెడలాంటి గీత కూడా గీస్తారు."

కూడలిలో గోరింక ఆ మాట విని నవ్వింది. "ఉడుతకేం తెలుసే. అన్నం తినే చెయ్యి ఉంది చూడు, అటు తిరగమని. ఆటోవాళ్ళు రోజూ అనేదే."

టీకొట్టు చూరు మీద కాకి ఇంకో కథ చెప్పింది. "మాట కుదిరిందనుకో, 'రైట్, పొద్దున్నే వస్తా' అని లేచి వెళ్తారు. నేను బిస్కెట్టు ముక్క కోసం దిగేది అప్పుడే."

ఒక్క మాటకు ఇన్ని పనులా అని ఏట్రింత నోరు తెరిచింది. ఎక్కడ విన్నా మంచి మాటే. అనేస్తే చాలు, పని జరిగిపోతుందనుకుంది.

అది తిరిగొచ్చేసరికి వాగు గట్టున కాటుక అనే బర్రె దిగులుగా నిలబడి ఉంది. పక్కన దాని దూడ చింతపిక్క. పోయిన వానాకాలం కాటుక ఈ వాగులోనే ఒక బిడ్డను పోగొట్టుకుంది. తను ముందు దిగింది, వెనక దూడ జారింది, తను చూసుకోలేదు. బర్రెకు మెడ బరువు గదా. వెనక్కి తిరిగితే కాలు తప్పుతుంది, ముందుకు చూస్తే దూడ కనపడదు. కానీ మేతకు చాలినంత పచ్చగడ్డి అవతలి గట్టునే ఉంది. గడ్డి లేకపోతే పాలు లేవు. పాలు లేకపోతే చింతపిక్క లేదు.

ఏట్రింత వచ్చి వీపు మీద వాలింది. "నేను మాట చెబుతా, నువ్వు నడువు."

"నీకు వెనక కనపడుతుందా?"

"భలేదానివే. ఇంత ఎత్తున కూర్చున్నాక కనపడక ఎక్కడికి పోతుంది?"

కాటుక సరేనంది. "రైట్" అంది ఏట్రింత.

కాటుక అడుగు వేసిందో లేదో, గట్టు మీది గడ్డిలోంచి మిడతలు చిటపటా లేచాయి. పిట్ట కళ్ళన్నీ మిడతల మీదే. ఒకటి మింగింది, ఇంకోదాని వెంట పడింది. వెనకనుంచి సన్నగా అరుపు వినపడింది. చూస్తే ఏముంది, చింతపిక్క నీళ్ళలో మునిగి తేలుతోంది.

పిట్ట ఒక్క దూకున దిగి దూడ మూతి ముందు తోక ఆడించింది.

"పట్టుకో నాయనా, పట్టుకో."

చింతపిక్క ఆ తోకను నోట కరుచుకుంది. పిట్ట రెక్కలు కొట్టింది, దూడ కాళ్ళు కొట్టుకుంది, ఎలాగో అవతలి గట్టు చేరారు. కానీ పిట్ట తోకలో నడిమి ఈకలన్నీ దూడ నోట్లోనే ఉండిపోయాయి.

కాటుక బిడ్డను నాకుతూ నాకుతూ చాలాసేపటికి తలెత్తింది. "మాట చెప్పావు గాని, నువ్వు చూడలేదే తల్లీ" అంది.

తిట్టినా బాగుండేదనిపించింది పిట్టకు. సాయంత్రం ఇంటికి పోవాలంటే ఇదే వాగు మళ్ళీ దాటాలి. పైన మబ్బు కమ్ముకొస్తోంది. చీలిన తోకతోనే అది బస్సు ఆగే చోటికి ఎగిరింది.

మధ్యాహ్నం బస్సు వచ్చి నిలబడి ఉంది. డ్రైవరు మస్తానయ్య విసుక్కుంటున్నాడు. "ఏం దమయంతమ్మా, పెళ్ళికూతుర్ని ఎక్కిస్తున్నావా? ఎంతసేపు?"

"గంప ఎక్కింది, అవ్వ ఎక్కలేదు. ఒట్టి గంపను తీసుకుపోయి ఏం చేసుకుంటావయ్యా?"

"నాకు వెనకేం కనపడుతుంది తల్లీ. నువ్వు అంటే కదులుతా, లేదంటే లేదు."

దమయంతి కిందికి దిగింది. అవ్వ రెండో కాలు కూడా మెట్టు మీద పడేదాకా చూసింది. చక్రం పక్కన నిలబడ్డ మేకపిల్లను అదిలించింది. ఇంకోసారి వెనక్కంతా చూసి, అప్పుడంది "రైట్" అని.

ఏట్రింతకు కళ్ళు మెరిశాయి. "ఓసి నా పిచ్చి మొహమా, ముందు చూపు, తర్వాత మాట. ఆ చూపు కోసమే గదా అంత బండీ ఆగి ఉంది."

ఉన్న ఊపిరంతా బిగబట్టి వాగుకు ఎగిరింది. చినుకులు మొదలయ్యాయి. వాగు పొంగకముందే ఇల్లు చేరాలని కాటుక అప్పుడే నీటి అంచుకు వచ్చి నిలబడింది.

"ఇంకొక్కసారి ఎక్కనీ, కాటుకమ్మా."

"నీకు మిడతలు కావాలి. నాకు నా బిడ్డ కావాలి."

"ముందు బిడ్డ. ఆ తర్వాతే మిడతలు."

ఏట్రింత ఈసారి దూడ వైపు తిరిగి కూర్చుంది. "ఆగు. నీ కొడుకు ఇంకా గడ్డి నములుతున్నాడు. ఆగు, ఒక కాలు దించాడు." ముక్కు ముందునుంచే లావుపాటి మిడత ఒకటి ఎగిరిపోయింది. పిట్ట తల తిప్పలేదు. "ఆగు... నీ పక్కకు ఆనుకున్నాడు. రైట్."

కాటుక కదిలింది. నడివాగులో చింతపిక్క తడబడింది. "ఆగు" అంది పిట్ట. కొండలా ఆగింది కాటుక. దూడ ఆ కొండకు ఆనుకుని నిలదొక్కుకుంది. "రైట్."

గట్టెక్కాక కాటుక గడ్డిలో పడి నడుస్తుంటే ఎన్ని మిడతలు లేచాయని. ఏట్రింతకు ఆ పూట కడుపు నిండింది.

"రేపు పొద్దున్నే వచ్చెయ్, కండక్టరమ్మా" అంది కాటుక.

అప్పటినుంచే ఏట్రింత తోక రెండుగా చీలి ఉంది. అప్పటినుంచే అది బర్రె వీపెక్కి ఊరేగుతోంది. మిడత కోసం ఎంత దూరం దూకినా మళ్ళీ వచ్చి ఆ వీపు మీదే వాలుతుంది, వాలగానే ఒకసారి వెనక్కి చూస్తుంది. దూడ వస్తోందో లేదో చూసుకోవాలి గదా.