జోడు వాటా

అంకాళప్ప గురువుకు కూర్చున్నచోట సమాధానం చెప్పే అలవాటు లేదు. ఎవరైనా ప్రశ్న అడిగితే ముందు వాళ్ళు చేసే పనేమిటో కనుక్కునేవాడు. తర్వాత ఆ పనికి తానూ వెంట వెళ్ళేవాడు. కుమ్మరి అడిగితే సారె దగ్గర కూర్చునేవాడు, గొర్రెల కాపరి అడిగితే మంద వెనక నడిచేవాడు. చాలాసార్లు నోరు విప్పకుండానే తిరిగొచ్చేవాడు. జవాబు దొరికిందా లేదా అన్నది అడిగినవాడి భారం.

ఆయన శిష్యుల్లో బోయ గిడ్డయ్య ఒకడు. నల్లమల అంచున ఉన్న ఆ ఊళ్ళో జంతువుల ఆనవాళ్ళు చదవడంలో అతడికి సాటి లేదు. వంగిన గడ్డిపోచ చూసి ఏ మృగం పోయిందో, నిలబడి పోయిందో భయపడి పోయిందో చెప్పేవాడు. అవి వేట మీద ఇంకా నిషేధం రాని రోజులు. గురువు మాంసం ముట్టేవాడు కాదు. అయినా వేట మానమని గిడ్డయ్యకు ఎన్నడూ చెప్పలేదు. చంపినదాని ముందు నిలబడి అబద్ధమాడొద్దని మాత్రం చెప్పాడు.

కార్తీకం వచ్చింది. కణితి పోతులు, అంటే పెద్ద కొమ్ముల మగ జింకలు, మదమెక్కి మేత మరిచి తిరిగే కాలం అది. వేటగాళ్ళకు పండగ. అలాంటి రోజుల్లో ఒక పొద్దున గిడ్డయ్య వచ్చి గురువు గుడిసె ముందు చతికిలబడ్డాడు. ముఖం పీక్కుపోయి ఉంది.

"సామీ, నేను గెలిచినాను. గెలిచినోడికి ఈ అలుపేంది?"

గురువు చింతగింజలు ఒలుస్తున్నాడు. చెయ్యి ఆపలేదు.

"ఏం గెలిచినావు?"

"కొమ్ములు."

ఆ కొమ్ముల సంగతి ఊరందరికీ తెలిసిందే. గిడ్డయ్యకు చిన్నాయన కొడుకు మద్దిలేటి. ఇద్దరూ మీసాలు మొలవక ముందు నుంచీ జోడు. అక్కడ వేటగాళ్ళు ఇద్దరిద్దరుగా అడవికి పోతారు. అలా కలిసి పోయేవాళ్ళను జోడు అంటారు. తొలిదెబ్బ ఎవరిదైతే తల, కొమ్ములు వాడివి. మిగిలిన మాంసం సగం సగం. జోడులో ఒకడు చనిపోతే బతికున్నవాడు ఏడాది తిరిగేదాకా వాడి సగం వాడి ఇంటి గడపలో పెట్టి రావాలి. దాన్ని జోడు వాటా అంటారు.

ఒక కార్తీకంలో గిడ్డయ్య, మద్దిలేటి లోయకు ఆ పక్కా ఈ పక్కా నిలబడి ఒకే పోతును ఒకేసారి కాల్చారు. తొలిదెబ్బ నాదంటే నాదన్నారు. దానికి సాక్ష్యం చెప్పగలిగింది ఆ పోతు ఒక్కటే. వేటపెద్ద ఆలోచించి, చిన్నవాడు కదా అని కొమ్ములు మద్దిలేటికి ఇప్పించాడు. ఆ రోజు నుంచి అన్నదమ్ములు ఎదురుపడితే ముఖాలు తిప్పుకున్నారు. ఒకడు రచ్చకట్ట ఎక్కితే ఇంకొకడు దిగిపోయేవాడు. పిల్లలు పుట్టారు, పెళ్ళిళ్ళు అయ్యాయి, ముసలివాళ్ళు పోయారు. వీళ్ళు మాత్రం ఆ లోయ దగ్గరే నిలబడి ఉన్నారు. మొన్న వానాకాలంలో మద్దిలేటి జ్వరం వచ్చి పోయాడు. దినాలు కాగానే అతడి భార్య సుంకులమ్మ ఆ కొమ్ములు గిడ్డయ్య ఇంటికి పంపింది. "ఇంక ఇవి బావవే" అని, అంతే చెప్పించింది. గిడ్డయ్య వాటిని తన వాకిలి పైన కొట్టుకున్నాడు.

"వాకిలి దాటినప్పుడల్లా వంగి దాటాల్సి వస్తాంది సామీ" అన్నాడు గిడ్డయ్య. "ఎత్తుగానే కొట్టినాను. తగలవు. అయినా వంగుతాండా."

"అదొక్కటేనా?"

గిడ్డయ్య కాసేపు నేల గీకాడు. "పున్నమికి ఊరి వేట. జోడు వాటా తీస్తావా లేదా అని పెద్దాయన అడిగినాడు. ఆ ఇంట్లో తుపాకి పట్టే మనిషి లేడు. వాటా రాకుంటే సుంకులమ్మ పిల్లల్ని తీసుకుని పుట్టింటికి పోతాదంట. ఆ ఇల్లు మూతపడతాది. నేనెందుకియ్యాల? వాడు నా జోడు కాదు. జోడు తెగి ఎన్నేండ్లో అయింది. ఇయ్యనని పెద్దాయనకు చెప్పేదానికి పోతాండా. పోతాండా, మధ్యలో కాళ్ళు రావడం లేదు. ఇట్ల తిరిగినాను."

గురువు గింజల చేట పక్కన పెట్టాడు. "ఈ పొద్దు ఏం పని నీకు?"

"ఆనవాళ్ళు చూసేదానికి అడవికి పోవాల."

"పద. నేనూ వస్తా."

"మీరా? మీ మోకాళ్ళ చప్పుడుకే అడవంతా ఖాళీ అయితాది సామీ!"

"అయితే నువ్వు కొట్టేదేమీ ఉండదు. నాకు పుణ్యం" అని గురువు కర్ర అందుకున్నాడు.

గిడ్డయ్య నాటు తుపాకి భుజాన వేసుకుని, గొడ్డలి నడుముకు దోపుకుని ముందు నడిచాడు. గురువు వెనక పడుతూ లేస్తూ వచ్చాడు. ఎండ ఎక్కేసరికి గుట్ట నడుమ ఒక చదును చేరారు. అక్కడ నేల కుళ్ళగించినట్టు ఉంది. పొదలు నలిగి, చెట్ల బెరడు చీరుకుపోయింది. రెండు పోతులు పోట్లాడుకున్న చోటు. గిడ్డయ్య కళ్ళు మెరిశాయి. కాని చదును చివరికి పోయి చూసి ఆగిపోయాడు. అక్కడ నుంచి వాగు వైపు కిందికి ఒక ఈడ్చిన జాడ ఉంది. పెద్ద దుంగను లాక్కుపోయినట్టు గడ్డి ఒకటే వైపు పడుకుని, మధ్య మధ్య వెంట్రుకలు, ఎండిన నెత్తురు.

"చూసినారా సామీ?" అతడి గొంతు మారింది. "ఎవరో నాకంటే ముందొచ్చి కొట్టినారు. కొట్టి ఈడ్చుకుపోయినారు. ఇంకెవరు? ఆ సుంకులమ్మ తమ్ముడే. అక్కను పుట్టింటికి తీసుకుపోతానని ఊళ్ళో దిగి నెల కాలేదు, అప్పుడే నా గుట్టలోకి వచ్చినాడు! చచ్చి కూడా మద్దిలేటి నన్ను వదల్లేదు సామీ."

గురువు కర్ర మీద చేతులు ఆనించి ఆయాసం తీర్చుకుంటున్నాడు. "దాంట్లో మనిషి అడుగు యాడుంది గిడ్డయ్యా?"

గిడ్డయ్య వంగి చూశాడు. లేదు. ఈడ్చిన జాడ పక్కన ఉన్నవి గిట్టలు. లోతుగా, వెనక్కి తన్నిపెట్టి దిగినవి. గడ్డిపోచను చదివే మనిషి అరచేయంత గిట్టను చూడలేకపోయాడు. జాడ పట్టుకుని కిందికి దిగాడు. ఈసారి మెల్లగా దిగాడు.

వాగు అంచున అవి కనిపించాయి. రెండు కణితి పోతులు. కొమ్ముల్లో కొమ్ములు చిక్కుకుని ఊడి రాలేదు. ఒకటి చచ్చిపోయి ఉంది. ఎప్పుడో మెడ విరిగింది. పొట్ట ఉబ్బింది. వెనక తొడలు నక్కలు పీకి తిన్నాయి. రెండోది బతికే ఉంది. కాళ్ళు ఎడంగా పెట్టి, తల నేలకు వంచి నిలబడి ఉంది. చచ్చినదాన్ని తలకు తగిలించుకుని వెనక్కి వెనక్కి నడుస్తూ గుట్ట మీద నుంచి ఇక్కడిదాకా లాక్కొచ్చింది. నీళ్ళ కోసమే వచ్చి ఉంటుంది. నీళ్ళు ఇంకా నాలుగు మూరలు ఉన్నాయనగా చచ్చినదాని ఒళ్ళు రెండు బండల మధ్య ఇరుక్కుంది. ఇక కదల్లేదు. బతికినదాని నాలుక బయటికి వచ్చి నల్లబడింది. కళ్ళ చుట్టూ ఈగలు. మనుషుల వాసన తగిలినా చెవి ఆడించలేదు. వాగు నీళ్ళు దాని వెనకనే గలగలమంటున్నాయి.

గిడ్డయ్య తుపాకి తీశాడు. మదపు కాలంలో ఇంత పెద్ద పోతు, పారిపోలేని పోతు ఏ వేటగాడికీ దొరకదు.

"అయాచితంగా వచ్చింది సామీ. పున్నమి దాకా ఆగే పనే లేదు."

"కొట్టు" అన్నాడు గురువు. ఒక బండ మీద కూర్చుని మోకాళ్ళు ఒత్తుకుంటున్నాడు. "కొట్టేముందు ఒకటి చెప్పు. వీటిలో గెలిచిందేది?"

"నిలబడి ఉండేదే గదా సామీ."

"ఊఁ" అన్నాడు గురువు.

గిడ్డయ్య గురి పెట్టాడు. చాలాసేపు గురి పెట్టే ఉంచాడు. నిలబడి ఉన్నది కన్ను తిప్పి అతడి వైపు చూసింది. అందులో భయం లేదు, కోపం లేదు. మదం ఎప్పుడో దిగిపోయింది. ఎవరైనా సరే వచ్చి దీన్ని ముగిస్తే చాలన్నట్టు ఉంది ఆ చూపు. గిడ్డయ్య తుపాకి దించి చెట్టుకు ఆనించాడు.

తలపాగా విప్పి దాని కళ్ళ మీద కప్పాడు. గొడ్డలి తీసుకుని, చచ్చినదాని కొమ్మును తలకు ఆనుకుని ఉన్న చోట నరకడం మొదలుపెట్టాడు. ఊడి వచ్చిన క్షణాన పోతు కుమ్మితే పేగులు బయటపడతాయని అతడికి తెలుసు. దెబ్బ పడినప్పుడల్లా పోతు ఒళ్ళంతా అదిరింది. చచ్చినదాని వాసనకు గిడ్డయ్యకు డోకు వచ్చింది. చెమటతో పాటు ఇంకేదో కూడా కళ్ళలో నుంచి కారింది. "తప్పుకోరా, నాయనా, తప్పుకో" అని గొణిగాడు. బతికినదానితో అన్నాడో చచ్చినదానితో అన్నాడో గురువు అడగలేదు. చివరికి కొమ్ము ఫెళ్ళుమని విరిగింది. గిడ్డయ్య తలపాగా లాక్కుని బండ వెనక్కి దూకాడు.

పోతు కుమ్మలేదు. పారిపోలేదు. అలాగే తల వంచుకుని నిలబడింది. చచ్చినది విడిపోయి పక్కకు ఒరిగింది. వెనకనే నీళ్ళు. దారికి అడ్డం ఏమీ లేదు. అయినా ఆ బరువు ఇంకా వేలాడుతున్నట్టే మెడ వంచి, కాళ్ళు తన్నిపెట్టి నిలబడే ఉంది.

"పోదేంది సామీ? ఊడింది గదా?"

గురువు లేచి కర్ర తీసుకుని గుట్ట ఎక్కడం మొదలుపెట్టాడు. పైకి చేరాక ఇద్దరూ వెనక్కి తిరిగి చూశారు. అది ఇంకా అలాగే ఉంది.

పున్నమి వేటలో గిడ్డయ్య ఒంటరిగా ఒక దుప్పిని కొట్టాడు. అందరూ చూస్తుండగా దాన్ని రెండుగా కోసి ఒక సగం మోదుగాకుల్లో చుట్టాడు. ఇంటికి పోయి వాకిలి మీది కొమ్ములు పీకాడు. రెండూ మోసుకుని తమ్ముడి గడప దగ్గరికి పోయాడు. ఎన్నో ఏళ్ళ తర్వాత ఆ గడప దగ్గర నిలబడ్డాడు. సుంకులమ్మ బయటికి వచ్చింది. మాంసం చూసింది, కొమ్ములు చూసింది. మనిషిని మాత్రం చూడలేదు.

"జోడు వాటా" అన్నాడు గిడ్డయ్య. "ఇవి... తొలిదెబ్బ వాడిదేనేమో. నాకు తెలియదు."

"కొమ్ములు నాకెందుకు బావా? గుడ్డలు ఆరేసుకోనా?" అంది సుంకులమ్మ. ఆకుల మూట తీసుకుంది. లోపలికి పోతూ ఆగింది. "ఆయన పోయే ముందు దినం కూడా, అన్న వచ్చినాడా అని అడిగినాడు. ఆ రోజు వచ్చి ఉంటే ఈ మాంసం కూడా అక్కరలేకపోయేది." తలుపు వేసుకుంది. గట్టిగా వేయలేదు. గిడ్డయ్య కొమ్ములు అక్కడే గోడకు ఆనించి వచ్చేశాడు.

మనం చేయాల్సిన పని చేయగానే మనసు తేలికపడాలని అనుకుంటాం. అది కూడా ఒక విధమైన కూలి అడగడమే. గిడ్డయ్య కూడా అలాగే అనుకుని, మర్నాడు పొద్దునే గురువు దగ్గరికి వచ్చాడు. ముఖం అంతకుముందు లాగే పీక్కుపోయి ఉంది.

"వాటా ఇచ్చొచ్చినాను సామీ. కొమ్ములు కూడా ఇచ్చేసినాను. ఇంక నాకు వాడితో ఏమీ లేదు. అయినా ఈ పొద్దు కూడా వాకిలి వంగే దాటినాను."

గురువు చింతగింజల చేట దగ్గరికి లాక్కున్నాడు. కొన్ని గింజలు గిడ్డయ్య ముందుకు తోశాడు. ఇద్దరూ కాసేపు ఒలిచారు.

"కొమ్ము తెగింది గిడ్డయ్యా" అన్నాడు గురువు. "మెడకు తెలియాల గదా."