వేళ్ళ మధ్య ఖాళీ

విశ్వవిద్యాలయంలో జీవకణాల గురించి చదువుకునే ఒక అమ్మాయి ఉండేది. ఆమెకు ఒక తండ్రి. తండ్రికి బోలెడంతమంది బంధువులు, వాళ్ళందరిదీ ఒకటే ప్రశ్న: ఇది చదివి పిల్ల ఏమవుతుంది?

డాక్టరంటే చెప్పొచ్చు, ఇంజనీరంటే చెప్పొచ్చు. కణాలంటే ఏం చెప్పాలో ఆ పెద్దమనిషికి తోచేది కాదు. ఆమెకన్నా ముందు చదివినవాళ్ళలో ఒకరు ఆసుపత్రిలో కణితి ముక్కలు పరీక్షిస్తున్నారు, ఒకరు టీకాలు తయారుచేస్తున్నారు, ఇంకొకరు సీసాల్లో అరటి మొక్కలు పెంచుతున్నారు. ఇందులో నువ్వేమవుతావని అడిగితే ఆమె ఇంకా తెలీదనేది. చివరికి ఆయన విసిగిపోయాడు. శనివారం వస్తున్నానని, సరైన జవాబు లేకపోతే చదువు మాన్పించి బ్యాంకు కోచింగులో చేరుస్తానని ఫోన్‌లో చెప్పేశాడు.

ఆ వారం ప్రయోగశాలలో ఆమె ముందు ఒక కోడిగుడ్డు ఉంది. పెంకుకు చిన్న కిటికీ కోసి, పైన టేపు అంటించారు. లోపల పిల్ల పెరుగుతోంది. గుండె అప్పటికే కొట్టుకుంటోంది. దాన్ని చూసినప్పుడల్లా అమ్మాయికి ఒళ్ళు గగుర్పొడిచేది. ఇంత చిన్న గుండెకు కొట్టుకోవడం నేర్పిందెవరా అని చూస్తూ కూర్చునేది, మెస్సులో అన్నం అయిపోయేదాకా.

పిల్ల కాలు ఇంకా చిన్న తెడ్డులాగే ఉంది, వేళ్ళు విడిపోలేదు. ఆ వేళ్ళ మధ్యనున్న ఒక కణం సూక్ష్మదర్శినిలోంచి ఆమెను పలకరించింది. దిగులెందుకని అడిగింది. ఏమవుతావని అందరూ అడుగుతున్నారు, చెప్పలేకపోతున్నానంది అమ్మాయి.

కణం నవ్వింది. తమ ఊళ్ళోనూ ఇదే గోల అంది. అందరూ ఒకే తల్లి పిల్లలు, అందరిదీ ఒకే చదువు. ఉన్న చోటును బట్టి ఎవరి పని వాళ్ళకు. ఒకరు గుండెలో కుదిరారు, ఒకరు కంట్లో, ఒకరు ముక్కులో.

"మరి నీకు ఏ పని వచ్చింది?"

"వెళ్ళిపోవడం."

"అదీ ఒక పనేనా?"

"నేనిక్కడే ఉంటే ఇది తెడ్డుగానే ఉండిపోతుంది. పిల్ల నేలమీద నడవాలి కదమ్మా."

అమ్మాయికి ఏడుపొచ్చింది. ఆగమని అడగబోయి, పిల్ల కాలు చూసి ఊరుకుంది.

శనివారం పొద్దున చూస్తే ఆ కణం లేదు. అది ఉన్నచోట ఖాళీ ఉంది. ఆ ఖాళీకి అటొక వేలు, ఇటొక వేలు, విడివిడిగా, ఎంతో చక్కగా. అంత గొప్ప పనిని ఆమె ఎన్నడూ చూడలేదు.

తండ్రి వచ్చి ఏం తేల్చావని అడిగాడు. ఆమె ఆయన్ని స్టూలు మీద కూర్చోబెట్టి గుడ్డులోకి చూపించింది. నిన్నటిదాకా ఇక్కడ ఉన్నవాళ్ళు తప్పుకున్నారు గనకే వేళ్ళొచ్చాయని, అమ్మ కడుపులో మన చేతులూ ఇలాగే విచ్చుకున్నాయని చెప్పింది.

ఆయన తన చెయ్యి తాను ఎప్పుడూ చూడనట్టు చూసుకున్నాడు.

"ఈ పోయినవాళ్ళ సంగతి ఎవరు పట్టించుకుంటారమ్మా?"

"మేమే నాన్నా."

ఆయన కోచింగు మాటెత్తకుండానే బస్సెక్కాడు. బస్సులో పక్క సీటాయన మాట కలిపి, మీ అమ్మాయి ఏం చేస్తుందండీ అని అడిగాడు. తండ్రి అరచెయ్యి చాపి, వేళ్ళు విడదీసి చూపించాడు.

"ఐదా? ఐదేళ్ళ కోర్సా?"

"వేళ్ళు లెక్కపెట్టకండి," అన్నాడు తండ్రి. "మధ్యలో చూడండి."