గవ్వలపాడు పిడికెడు బియ్యం

అనగనగనగా, కాలవ గట్టున గవ్వలపాడని ఒక ఊరు. ఆ ఊళ్ళో ఎసరు పెట్టేముందు ప్రతి ఇల్లాలూ ఒక పిడికెడు బియ్యం తీసి పక్కన కుండలో వేసేది. ఎందుకనుకున్నావ్? ఎవరూ లేని ముసలివాళ్ళకి మధ్యాహ్నం పూట అన్నం పెట్టడానికి.

వారానికోసారి ఆ బియ్యమంతా సత్రంలో ఒకే రాశిగా పోసి బస్తాలకెత్తేవాళ్ళు. వండిపెట్టేది వరహాలనే ఆవిడ. చెయ్యి చురుకు, మనసు వెన్న. పెత్తనం మాత్రం ఊరిపెద్ద గోవిందయ్యది. "ఈ వారం మూడు బస్తాలొచ్చాయి! చుట్టుపక్కల ఏ ఊళ్ళోనైనా ఉందా ఇంత ధర్మం?" అని మీసం దువ్వుకునేవాడు.

వరహాలుకి మాత్రం ఒకటే దిగులు. విస్తళ్ళలో సగం అన్నం అలాగే మిగిలిపోయేది. ముసలివాళ్ళు నీళ్ళు తాగేసి లేచిపోయేవాళ్ళు.

అది చూసి గోవిందయ్య, "వీళ్ళకి ఆకలే లేదు! పై సోమవారం నుంచి ఆపేద్దాం," అన్నాడు.

వరహాలు ఆలోచనలో పడింది. ఆపేస్తే వీళ్ళంతా ఏం తిని బతుకుతారు?

వంటలోనే లోపముందేమోనని మర్నాడు ఎసట్లో నీళ్ళు ఎక్కువ పోసింది. రాశిలో ఉన్న కొత్త బియ్యం జిగురైపోయింది. ఆ తర్వాతి రోజు తక్కువ పోసింది. అందులోని దంపుడు బియ్యం పలుకుపలుకుగా ఉండిపోయింది. మూడో రోజు గరిటె పక్కన పడేసి, వెళ్ళి ముసలివాళ్ళ బంతిలో చతికిలబడింది. "ఏం పిన్నమ్మా, ఎందుకు తినవు?" అని పక్కనున్న ముసలి నాంచారమ్మనడిగింది.

"ఊరికే పెట్టే కూడుకి వంకలేంటే!" అంది నాంచారమ్మ. గడ్డం పట్టుకుని బతిమాలితే అప్పుడు చెప్పింది. "నాకున్నవి రెండు పళ్ళు. పైదొకటి, కిందదొకటి. ఎప్పుడూ కలుసుకోవు! సగం ముద్ద గులకరాళ్ళు, సగం ముద్ద బంక. ఎలా మింగనే?"

వరహాలు చటుక్కున లేచింది. నిజమే కదా! కొత్తవీ, పాతవీ, దంపుడువీ కలిపేస్తే ఒకే ఎసట్లో ఎలా ఉడుకుతాయి? సరాసరి గోవిందయ్య దగ్గరికి పోయి, "బాబుగారూ, ఇవాళ మా బంతిలో కూర్చోండి," అంది.

కూర్చున్నాడు. మొదటి ముద్దకి పన్ను కటుక్కుమంది. రెండో ముద్ద అంగిట్లో అతుక్కుంది. మూడో ముద్దకి వెక్కిళ్ళు!

"నీళ్ళు తాగు నాయనా, మేం చేసేదీ అదే," అంది నాంచారమ్మ. బంతంతా గొల్లుమంది.

గోవిందయ్య కూడా నవ్వాడు, కళ్ళు తుడుచుకుంటూ. "తప్పు నాదేనమ్మా. బస్తాలు చూసుకున్నాను గానీ విస్తళ్ళు చూళ్ళేదు."

ఆ తర్వాత ఏ రకం బియ్యం ఆ సంచిలోనే పోయించుకున్నారు. కలిసిపోయిన బియ్యాన్ని నూక పట్టించి జావ కాచారు. మరి పెత్తనమో? ఇక ఒక్కరిది కాదు. ఊరి పెద్దలు వంతులేసుకుని రోజుకొకరు బంతిలో కూర్చుని అదే అన్నం తినాలి. వాళ్ళు మాట్లాడుకునే చోట నాంచారమ్మకీ ఒక పీట. ఆవిడ సరేనంటేనే మర్నాటి వంట.

సోమవారం వచ్చింది. పొయ్యి ఆరలేదు సరికదా, ఇంకో పొయ్యి కూడా వెలిగింది! నాంచారమ్మ మారు వడ్డించుకుంది, మళ్ళీ వడ్డించుకుంది. "ఒరేయ్ గోవిందూ, పులుసులో ఉప్పు చాల్లేదురా, పట్రా!" అని కేకేసింది. గోవిందయ్య పంచె ఎగ్గట్టి ఒకటే పరుగు.

వరహాలు విస్తళ్ళు ఎత్తడానికి వంగింది. ఒక్క మెతుకు లేదు! ఆ ఖాళీ విస్తళ్ళు పట్టుకుని పిల్లలా గిరగిరా తిరిగేసింది.

ముద్ద మెత్తగా జారింది,
ముసలమ్మ ఆకలి తీరింది,
కథ కంచి దారి పట్టింది,
నా చిట్టికి నిద్ర పట్టింది.